మూడో పిలుపు

కోర్టు హాలు గుమ్మంలో ఒకసారి, వరండా మెట్ల మీద ఒకసారి, గేటు దగ్గర ఒకసారి. ముద్దాయి పేరు మూడు చోట్ల మూడుసార్లు పిలవాలి. ఇది ఏ పుస్తకంలో రాసి ఉందో అన్వర్‌కు తెలియదు. ఉద్యోగంలో చేరిన రోజున అప్పటి ముసలి అటెండర్ అతని భుజం పట్టుకుని ఆ మూడు చోట్లా నిలబెట్టాడు. "గిక్కడ పిలిస్తే బెంచీల మీదోళ్ళకు, గిక్కడ పిలిస్తే వరండల ఉన్నోళ్ళకు, గేటు కాడ పిలిస్తే అవుతల చాయ్ తాగేటోళ్ళకు. మూడు పిలుపులైనంక రాకుంటే వాని నసీబు" అన్నాడు. శిక్షణ అంతే. గుమ్మం నుంచి గేటుకు అరవై రెండు అడుగులు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అన్వర్ ఆ అరవై రెండు అడుగులూ రోజుకు ఇరవైసార్లో ముప్పైసార్లో నడుస్తూ వచ్చాడు.

అతని ఇల్లు కోరుట్లలో. కోర్టు మాత్రం బస్సులో నలభై నిమిషాల దూరాన, మరో చిన్న ఊళ్ళో. జడ్జీలు మారారు, ఫ్యాన్లు మారాయి, టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. గొంతు మాత్రం మారలేదు. సన్నని మనిషి, గంట కొట్టినట్టుండే గొంతు. ఇంట్లో మంచినీళ్ళు అడిగినా పక్కింటివాళ్ళు తొంగి చూసేవారు.

"ఇదేమన్న కోర్టా? నేనేమన్న ముద్దాయినా? జర మెల్లగ అడుగుండ్రి" అనేది భార్య జోహరా బీ.

"నువ్వు ముద్దాయివి కాదు జోహరా. జడ్జివి. అందుకే లేచి నిలబడి అడుగుతున్న."

"మాటలకేం తక్కువ లేదు" అని ఆమె గ్లాసు ఠపీమని పెట్టేది.

శిక్షల గురించి అన్వర్‌కు ఉన్న చదువంతా ఆ గుమ్మంలో నిలబడి చదువుకున్నదే. శిక్ష మనిషిని బాగుచేస్తుందని, చూసేవాళ్ళకు భయం పెడుతుందని, నష్టపోయినవాడికి ఊరటనిస్తుందని అవగాహన సదస్సుల్లో పెద్దలు మైకు పట్టుకుని చెప్పేవారు. అన్వర్ షామియానా కింద కుర్చీలు సర్ది, మంచినీళ్ళు అందిస్తూ ఆ మాటలు వినేవాడు. అతను చూసినంతలో జరిమానా పడినవాడు బాగుపడలేదు, ఇంట్లో మేకను అమ్ముకున్నాడు. ఆరు నెలలు పడినవాడు మారలేదు, వాడి పెళ్ళాం మారింది. వారం వారం జైలుకు ములాఖత్ కోసం తిరిగి తిరిగి ఆమె ముఖం గట్టిపడింది. భయపడినవాళ్ళందరూ ముందునుంచీ భయస్తులే. ఇక నష్టపోయినవాడు తీర్పు రోజుకు వస్తే గొప్ప. ఒకవేళ వచ్చినా, ఆ ఏడెనిమిదేళ్ళలో గాయం మానిపోయి, ముద్దాయితో కలిసి ఒకే ఆటోలో దిగేవాడు.

అన్ని శిక్షల్లోకీ అన్వర్‌కు కాస్త అర్థమున్నట్టు తోచింది ఒక్కటే: 'కోర్టు లేచేదాకా'. చిన్న నేరానికి, తప్పు ఒప్పుకున్నవాడికి, జడ్జి కొద్దిపాటి జరిమానా వేసి, కోర్టు లేచేదాకా శిక్ష అనేవాడు. అంటే ఆ సాయంత్రం జడ్జి కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్ళేవరకు ముద్దాయి హాల్లో చివరి బెంచీ మీద కూర్చోవాలి. సంకెళ్ళుండవు, గది ఉండదు. ఊరికే కూర్చోవడం. వాళ్ళమీద కన్నేసి ఉంచేది అన్వరే. మొదటి గంట వాళ్ళు నవ్వుకునేవారు, చేతిలో ఫోను తిప్పేవారు. రెండో గంటకు కాళ్ళు ఆడించేవారు. నాలుగింటికల్లా తల దించుకుని గచ్చు వంక చూసేవారు. ఎందుకో మరి, ఆ బెంచీ మీద మనిషికి తను చేసింది గుర్తొచ్చేది. జడ్జి లేవగానే అన్వర్ దగ్గరికెళ్ళి, "అయిపోయింది. పో ఇగ" అనేవాడు. ఆ మాట చెప్పడం తన ఉద్యోగంలో అతనికి ఇష్టమైన భాగం.

జగదీశ్‌కు పడవలసిన శిక్ష కూడా అదేనని వకీళ్ళకూ గుమస్తాలకూ ముందే తెలుసు.

జగదీశ్‌ది కథలాపూర్ దగ్గరి పల్లె. బతుకు మాత్రం సిరిసిల్లలో, సాంచాల దగ్గర. మరమగ్గాలను అక్కడ సాంచాలే అంటారు. ముప్పై ఏళ్ళు వాటి చప్పుడులో నిలబడితే గుడ్డ నేయడం వస్తుంది, చెవులు పోతాయి. నాలుగేళ్ళ కిందట ఊళ్ళో పొలానికి నీళ్ళు పెట్టే దగ్గర దాయాది రాజలింగుతో మాటామాటా పెరిగి, చేతిలో ఉన్న పార కర్రతో అతని ముంజేతి మీద ఒక్కటి వేశాడు. ఏడు కుట్లు పడ్డాయి. రాజలింగు కోపంలో కేసు పెట్టాడు. కోపం పండగదాకా కూడా నిలవలేదు. ఇద్దరూ కలిసి వచ్చి రాజీ అన్నారు, ఆ సెక్షన్‌కు రాజీ లేదన్నారు. ఇక కేసు దాని దారిన అది నడిచింది.

మొదటి వాయిదా రోజునే జగదీశ్ అన్వర్ దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని చెప్పాడు.

"సారూ, నాకు చెవులు జర మందం. లోపట నిలవడ్డా సగమే ఇనవడతది. మీ గొంతు మంచిగున్నది. గేటు కాడికచ్చి పిలిస్తే మాత్రం సక్కగ ఇనవడతది. నేను గాడ్నే ఉంట."

"లోపటికచ్చి కూసో రాదు?"

"లోపట ఫ్యాన్లు, మందీ, అంత ఒక్కటే గుయ్యిమంటది సారూ. భయమైతది."

పద్నాలుగు వాయిదాలకు పద్నాలుగుసార్లూ అన్వర్ గేటు దాకా వెళ్ళి పిలిచాడు. పద్నాలుగుసార్లూ జగదీశ్ చాయ్ గ్లాసు కింద పెట్టి పరుగున వచ్చాడు.

పదిహేనోది రంజాన్ నెలలో పడింది. రోజా ఉపవాసాల్లో సగం దాటాయి. మార్చి చివర ఎండ. తెల్లవారుజామున సహరీలో తాగిన నీళ్ళు పది గంటలకే ఆవిరైపోయాయి. ఆ రోజు ముప్పై నాలుగు కేసులు. పదకొండున్నరకు జడ్జికి ఏదో వీడియో మీటింగు. పేర్ల మీద పేర్లు. పంతొమ్మిదో పేరుకు వచ్చేసరికి అన్వర్ గొంతులో ఇసుక పోసినట్టుంది.

"జగదీశ్! హాజర్ హో!" గుమ్మంలో ఒకటి.

మెట్ల మీద ఒకటి. అది సగం గొంతుతోనే వచ్చింది.

అక్కడ ఆగాడు. ఎదురుగా తెల్లగా మెరుస్తున్న సిమెంటు బాట, దాని చివర గేటు. అరవై రెండు అడుగులు వెళ్ళడానికి, అరవై రెండు రావడానికి. అక్కడికెళ్ళాక పైకెత్తడానికి గొంతు కావాలి. చాయ్ బండి దగ్గర ఎవరూ కదల్లేదు. అతను వెనక్కి తిరిగాడు.

"పిలిచావా?" జడ్జి తలెత్తకుండానే అడిగాడు.

"మూడుసార్లు పిలిచిన సార్. రాలే."

కలం కదిలింది. నాన్‌బెయిలబుల్ వారెంట్. ఇరవయ్యో పేరు.

మధ్యాహ్నం ఒంటి గంటకు జగదీశ్ మెట్లెక్కి వచ్చాడు. చాయ్ బండి వెనక, ఆగి ఉన్న ఆటో నీడలో కూర్చున్నాడట.

"సారూ, నా పేరింక రాలేదా?"

అప్పటికి ఇంకా ఏమీ మించిపోలేదు. వకీలుతో ఒక దరఖాస్తు పెట్టిస్తే సాయంత్రానికి వారెంటు రద్దయ్యేది. అన్వర్‌కు ఆ సంగతి కొత్త వకీళ్ళకంటే బాగా తెలుసు. కాకపోతే జడ్జి అడుగుతాడు: పిలిచినప్పుడు ఎక్కడున్నావు? గేటు దగ్గరే ఉన్నానంటాడు. అప్పుడు జడ్జి తల తిప్పి అన్వర్ వంక చూస్తాడు.

"అయిపోయింది. వాయిదా పడ్డది" అన్నాడు అన్వర్. "తారీకు నీ వకీలు చెప్తడు. పో."

"గేటు కాడ్నే ఉంటిగద సారూ."

"పిలిచిన."

జగదీశ్ తన చెవిని తనే వేలితో ఒక దెబ్బ కొట్టుకున్నాడు. "ఈ చెవులల్ల మన్నువడ. ఇంకింత మందమైనట్టున్నయి. ఏమనుకోకు సారూ, మిమ్ముల ఊకె అరిపిస్తి" అని దండం పెట్టి బస్సుకు వెళ్ళిపోయాడు.

సాయంత్రం కోరుట్లలో మసీదు నుంచి అజాన్ వినిపించగానే అన్వర్ ఖర్జూరం నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు. పొద్దు గూకేదాకా నీటి చుక్క ఆగింది. అబద్ధం పొద్దు గూకేదాకా ఆగలేదు. ఆ ఆలోచన వచ్చింది, దాని వెనకే నిద్ర వచ్చింది. రేపు మళ్ళీ ముప్పై పేర్లు.

తర్వాతి ఐదు వారాలు అతను ఆ సంగతి మరిచిపోయాడు. మరిచిపోయాడనే రాయాలి. పశ్చాత్తాపంతో కుమిలిపోయాడని రాస్తే చదవడానికి బాగుంటుంది కానీ నిజం కాదు. పండగకు కొత్త లాల్చీ కుట్టించుకున్నాడు. నమాజుకు వెళ్ళొచ్చాడు. షీర్ ఖుర్మా రెండు గిన్నెలు తాగి జోహరా బీ చేత చీవాట్లు తిన్నాడు.

మే మొదటి వారంలో జగదీశ్ పేరు మళ్ళీ వచ్చింది. అన్వర్ గుమ్మంలో పిలిచాడో లేదో, మనిషి హాల్లోనే ఉన్నాడు. గోడకు ఆనుకుని, బెదురు కళ్ళతో. గుండు. దాని మీద పదిహేను రోజుల వెంట్రుక.

జడ్జి అడిగాడు, జగదీశ్ వంగి రెండుసార్లు విని తప్పు ఒప్పుకున్నాడు. వెయ్యి రూపాయల జరిమానా, కోర్టు లేచేదాకా శిక్ష. వెళ్ళి చివరి బెంచీ మీద కూర్చున్నాడు.

భోజన విరామంలో హాలు ఖాళీ అయ్యాక అన్వర్ గ్లాసుతో నీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాడు. అందరికీ ఇచ్చినట్టే.

"ఏంది, గుండు చేపిచ్చుకున్నవ్? యేములాడ రాజన్నకు మొక్కుంటే తీర్చుకున్నవా?" అన్నాడు నవ్వుతూ, అతని చెవి దగ్గరికి వంగి.

"కాదు సారూ. అవ్వ పోయింది."

"అరెరె. ఎప్పుడు?"

"ఉగాదైన తెల్లారి." జగదీశ్ నీళ్ళు తాగి గ్లాసును పక్కన జాగ్రత్తగా పెట్టాడు. "నేను లేను సారూ. జైల్ల ఉన్న."

"జైల్లనా?" అన్నాడు అన్వర్.

"మీకు తెల్వదా? వారెంటున్నదని శనారం నాడు పోలీసులు సాంచె కాడికే అచ్చి పట్టుకపోయిండ్రు. నాకు వారెంటేంది, నేను అన్ని వాయిదాలకు పోయిన అంటే ఇన్లే. ఈ జడ్జిసారు సెలవుల ఉండె. ఇంకో సారు ముంగట వెడితే కాయితాలు రాలే, ఉండుమన్నడు. వకీలు పండుగకు ఊరికి పాయె. ఉగాది, మీ రంజాన్, రెండో శనారం, ఐతారం. తొమ్మిది దినాలు."

ఆ తొమ్మిది రోజుల్లో ఒకనాడు తను రెండో గిన్నె షీర్ ఖుర్మా అడిగాడన్నది అన్వర్‌కు గుర్తొచ్చింది.

"అవ్వ మంచిగనే ఉండె" అన్నాడు జగదీశ్. చెవిటివాళ్ళు మాట్లాడినట్టు కొంచెం గట్టిగానే మాట్లాడుతున్నాడు. ఖాళీ హాల్లో ఆ మాట తిరిగి వినిపిస్తోంది. "నన్ను పట్టుకపోయిండ్రని ఎవరో చెప్పిండ్రట. గంతే, మంచం వట్టింది. నా పెండ్లాం గీత పక్కపొంటి ఉన్నది. బుధారం పొద్దుగాల నుంచి మాపటిదాక నా పేరే పిలిచిందట. జగదీశా, జగదీశా అని. ఎన్నిసార్లు పిలిచిందే అని గీతనడిగిన. లెక్కెవరు వెట్టిండ్రు అన్నది."

"మరి... కొరివి?"

"రాజలింగు వెట్టిండు. దాయాదే గద. నేను కొట్టిన చెయ్యి ఉన్నది చూడుండ్రి, గా చేత్తోనే వెట్టిండు. నేను కేసు వెట్టకపోతే గింత కాకపోవు, కొడుకుండంగ నేను పెడుతున్న అని పాడె ముంగట వడి ఏడ్చిండట." తన చెవిని మళ్ళీ వేలితో తట్టాడు. "నాకు అందరి మాట సగమే ఇనవడతది సారూ. అవ్వ పిలిస్తే మాత్రం ఎంత దూరమున్నా ఇనవడుతుండె. ఎవ్వలన్న పిలిస్తె పలకకుంట ఉండుడు నాకు అలవాటు లేదు. ఆనాడు గేటు కాడ మీరు పిలిచింది కూడ ఎట్ల ఇనవడలేదో ఏమో. అంత నా చెవులే చేసినయి."

జడ్జి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. మధ్యాహ్నం కేసులు నడిచాయి. అన్వర్ పేర్లు పిలిచాడు. ప్రతి పేరుకూ గేటు దాకా వెళ్ళాడు. తిరిగి వచ్చిన ప్రతిసారీ చివరి బెంచీ కనిపించేది. దాని మీద గుండు, ఆ గుండు మీద మొలుస్తున్న నెరిసిన వెంట్రుక. నాలుగింటికి జగదీశ్ తల దించుకుని గచ్చు వంక చూడటం మొదలుపెట్టాడు.

నేరానికి పడిన శిక్ష ఐదు గంటలు. అసలు శిక్ష తీర్పుకు ముందే అనుభవించేశాడు, తొమ్మిది రోజులూ తల్లి చావూ కలిపి. ఆ లెక్కలో నేరం ఎవరిదో ఆ హాల్లో ఒక్కడికే తెలుసు.

ఐదింటికి జడ్జి లేచాడు. అన్వర్ బెంచీ దగ్గరికి వెళ్ళాడు. రోజూ అనే మాట నోటికి రాలేదు.

"పోవాల్నా సారూ?" అని జగదీశే అడిగాడు.

అన్వర్ తల ఊపాడు.

మర్నాడు పొద్దున్నే అన్వర్ ఒక తెల్లకాగితం మీద జరిగింది రాసి సూపరింటెండెంట్ పురుషోత్తం రావు బల్ల మీద పెట్టాడు. పురుషోత్తం రావుది ఆ చుట్టుపక్కల పాత దొరల కుటుంబం. కోటలాంటి గడీ పోయింది, పెద్దరికం మిగిలింది. మనిషి మంచివాడే. ఇలాంటి వ్యవహారాల్లో అదే చిక్కు.

కాగితం రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీశాడు. "అన్వరూ, నీకు రిటైర్మెంట్ ఎప్పుడోయ్?"

"జూలై ఆఖరు సార్."

"మూడు నెలల ముంగట ఎవడన్న గిట్ల రాస్తడా? నేను గిది జగిత్యాల జిల్లా కోర్టుకు పంపితే ఎంక్వైరీ పడ్తది. నీ పెన్షన్ ఆగుతది. ఎవ్వలికి లాభం?"

"తప్పు చేసిన సార్."

"శిక్ష ఎందుకుంటదోయ్? మల్ల చెయ్యకుంట. నువ్వు మల్ల చేస్తవా?"

"చెయ్య సార్."

"అయిపాయె. ఇగ ఇంకోళ్ళు చూసి భయపడాలె అంటవా? నీ తర్వాత అచ్చేటోడు మైకుల పిలుస్తడు. మైకు పెట్టిస్తున్నరు. ఆ ముసలమ్మ తిరిగస్తదా? రాదు. మరింకెందుకు?"

"నాకోసం సార్" అన్నాడు అన్వర్.

పురుషోత్తం రావు అతని వంక జాలిగా చూశాడు. తర్వాత కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసి, చాయ్ తెప్పించాడు. జూలై చివరి రోజున ఆ చేతులతోనే శాలువా కప్పి, 'ఒక్క మచ్చ లేని సర్వీసు' అని సభలో చెప్పబోయేదీ ఆయనే.

ఆ రాత్రి భోజనం ముందు అన్వర్ జోహరా బీకి అంతా చెప్పాడు. ఆమె రొట్టె విరుస్తున్న చెయ్యి ఆపింది.

"రోజా ఉండి అబద్ధమాడిండ్రా?"

"ఆడిన."

"గందుకే నిన్నటి సంది మీ గొంతు ఇంట్ల ఇనవడ్త లేదు." ఓదార్పు మాట ఏమైనా అంటుందేమోనని అన్వర్ చూశాడు. ఆమె అనలేదు. "నమాజుల ఊకె చేతులెత్తి కూసుంటున్నరు, చూస్తనే ఉన్న. అల్లాకు చేసిన తప్పు అల్లా మాఫ్ చేస్తడు. మనిషికి చేసిన తప్పు ఆ మనిషే మాఫ్ చెయ్యాలె. మా అబ్బా చిన్నప్పుడే చెప్పిండు. మీ పెద్దసారు కాయితం చింపితే తప్పు చినుగుతదా? సిరిసిల్ల ఏమన్న దుబాయిల ఉన్నదా, పోయి రారాదు?"

"మాఫ్ చెయ్యనంటే?"

"చెయ్యనంటే చెయ్యడు. మీరు పోతె గద తెలిసేది."

సెలవు పెట్టి అన్వర్ కోరుట్లలో బస్సెక్కాడు. కథలాపూర్ దాటింది. ఏ దారి జగదీశ్ పల్లెకు పోతుందో తెలియక, పక్కదారి కనపడినప్పుడల్లా చూశాడు. వేములవాడలో గుండ్లు చేయించుకున్న పిల్లాపెద్దా కేరింతలతో ఎక్కారు. ప్రతి గుండూ అతనికి ఒకే మనిషిని గుర్తు చేసింది. సిరిసిల్లలో దిగి అడుగుతూ అడుగుతూ ఆ సందులోకి వెళ్ళేసరికి పన్నెండయింది.

సందులోకి తిరగ్గానే చప్పుడు గోడలా ఎదురైంది. రేకుల షెడ్డులో పదహారు సాంచాలు. గుమ్మంలో నిలబడి అన్వర్ పిలిచాడు. "జగదీశ్!" ముప్పై ఒక్క ఏళ్ళ గొంతు. పక్కనున్నవాడికి కూడా వినిపించలేదు. ఒక కార్మికుడు నవ్వి, చేత్తో సైగ చేశాడు: ఇక్కడ పిలవరు, వెళ్ళి భుజం తట్టాలి.

అన్వర్ సాంచాల మధ్య నుంచి నడిచి వెళ్ళి జగదీశ్ భుజం తట్టాడు.

జగదీశ్ తిరిగి చూసి కంగారుపడ్డాడు. "మల్ల వారెంటా సారూ?"

"కాదు, కాదు. నీతోని మాట్లాడేదున్నది."

తన సాంచె ఆపి, పక్కవాడికి చూపించి బయటికొచ్చాడు. షెడ్డు ఎదురుగానే దేవవ్వ అనే ముసలావిడ చాయ్ హోటల్, బయట ఒక చెక్క బెంచీ. ఇద్దరూ కూర్చున్నారు. దేవవ్వ రెండు చాయ్‌లు పెట్టి వెళ్ళింది. ఒక సాంచె ఆగింది కానీ మిగతా పదిహేను ఆగలేదు.

అన్వర్ చాయ్ ముట్టలేదు. బస్సులో కూడబలుక్కున్న మాటలేవీ గుర్తులేవు.

"ఆ దినం నేను గేటు కాడికి రాలే జగదీశ్. మూడో పిలుపు పిలువలే. గొంతెండిపోయి మెట్ల మీదికెల్లే వాపసు మర్రిపోయిన. పిలిచిన్నని జడ్జి సారుకు అబద్ధం చెప్పిన. వాయిదా పడ్డదని నీకు అబద్ధం చెప్పిన. నీ చెవుల తప్పు లేదు."

జగదీశ్ చెవి వెనక అరచెయ్యి పెట్టుకున్నాడు. "సాంచాల సప్పుడు సారూ. ఇనవడలే. ఇంకోపారి చెప్పుండ్రి."

అన్వర్ మళ్ళీ చెప్పాడు, గొంతు పెంచి. గేటు, మూడో పిలుపు, అబద్ధం, అబద్ధం. లోపల గ్లాసులు కడుగుతున్న దేవవ్వ చెయ్యి ఆపి చూసింది.

జగదీశ్ చెయ్యి చెవి దగ్గరే ఉంది. కళ్ళు అన్వర్ పెదవుల మీద ఉన్నాయి. "మల్లొక్కపారి."

అన్వర్ లేచి నిలబడ్డాడు. కూర్చుని ఆ గొంతు తీయడం అతనికి రాదు. కోర్టులో పేరు పిలిచినట్టు, సందు ఆ చివరికి వినిపించేట్టు చెప్పాడు. "నేను నిన్ను పిలువలే! పిలిచిన్నని అబద్ధమాడిన! నీ తప్పు లేదు, నీ చెవుల తప్పు లేదు! తప్పు నాది!" పక్క షెడ్డు గుమ్మంలోకి ఇద్దరు వచ్చి నిలబడ్డారు. ఎవరో సైకిలు దిగి ఆగారు.

జగదీశ్ చెయ్యి కిందికి దించాడు.

"మొదటిపారే ఇనవడ్డది" అన్నాడు.

అన్వర్ కూర్చున్నాడు. గుమ్మంలోని ఇద్దరూ లోపలికి వెళ్ళారు. సైకిలు వెళ్ళిపోయింది.

"రాసిచ్చిన. మా పెద్దసారు చింపిండు" అన్నాడు అన్వర్. "శిక్షెయ్య అన్నడు. నువ్వన్న ఎయ్యి. తిట్టు. కొట్టినా పడ్త."

"నేను కొట్టినందుకే గద ఇంతైంది." జగదీశ్ చాయ్ గ్లాసును రెండు చేతుల మధ్య తిప్పుతున్నాడు. "నీకు శిక్షవడ్తే నీ పానం అల్కగైతది. నాకేమైతది సారూ? గా బుధారం మల్లస్తదా?"

"మాఫ్ చెయ్యి మరి."

"మాఫా?" ఆ మాటను నోట్లో తిప్పి చూసినట్టుగా అన్నాడు. "నెల దినాల సంది నా చెవులను తిట్టుకుంటున్న. అవ్వకు ఏమని చెప్పుకున్ననో తెల్సా? ఇనవడలేదే అవ్వా, ఇనవడితే అస్తుంటి అని. కర్మ చేసేకాడ పిండం ముంగట గదే చెప్పిన. గిప్పుడు ఏమని చెప్పాలె?" తువ్వాలుతో ముఖం తుడుచుకుని లేచాడు. "మాఫ్ ఎట్ల చేస్తరో నాకు తెల్వది సారూ. తెలిస్తే చేస్తుంటి. నా సాంచె ఆగున్నది."

వెళ్ళిపోయాడు. కాసేపటికి పదహారో చప్పుడు మిగతా పదిహేనింటిలో కలిసింది.

అన్వర్ బెంచీ మీదే ఉన్నాడు. ఒంటి గంట బస్సు పోయింది, మూడింటి బస్సు పోయింది. మొదటి గంట దారిన పోయేవాళ్ళను చూశాడు. తర్వాత కాళ్ళు ఆడించాడు. నాలుగింటికి తల దించుకుని నేల వంక చూస్తున్నాడు. నేల మీద పీకేసిన నూలు పోగులు, ఆరిన చాయ్ మరకలు. తను ఎంతమందిని ఇలా కూర్చోబెట్టాడో, అయిపోయింది పో అని ఎంత తేలిగ్గా అన్నాడో గుర్తొచ్చింది. అక్కడ చివర ఒక జడ్జి లేచేవాడు. ఇక్కడ ఎవరు లేవాలో తెలియలేదు.

పొద్దు గూకే వేళకు షిఫ్టు మారింది. జగదీశ్ టిఫిన్ గిన్నె పట్టుకుని బయటికొచ్చి, బెంచీ మీది మనిషిని చూసి ఆగాడు.

"ఇంక పోలే?"

"నువ్వు పొమ్మంటే పోత."

జగదీశ్ ముఖంలో కోపం లేదు, అందుకే అన్వర్ తలెత్తలేకపోయాడు.

"నేను పొమ్మన సారూ. ఉండుమని గూడ అన" అని, గిన్నె చెయ్యి మార్చుకుని, సందు చివరికి నడిచి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. పిలిచినా వినిపించే దూరం కాదు.

దేవవ్వ పొయ్యి ఆర్పి బయటికొచ్చింది. మధ్యాహ్నం నుంచి అంతా చూసింది.

"పెద్దమనిషీ, బెంచీ లోపట వెట్టుకోవాలె. బయట వెడితే ఎత్తుకపోతరు."

అన్వర్ లేచాడు. ఆమె ఒక్కతే ఎత్తలేదని చూసి, రెండో కొస తను పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి గుమ్మం దాటించి లోపల గోడ వారగా పెట్టారు. ఆమె తలుపు దగ్గరగా వేసింది. అతను బస్టాండు దారి ఎటో అడిగాడు.